కాబర్? కబురు

పొద్దున్న పది గంటలకల్లా మా పెరటి గోడకు ఆవల బడిలో ప్రార్థన ముగుస్తుంది. చివర్లో ఛత్తీస్‌గఢ్ రాష్ట్రగీతం పాడతారు. అందులో పైరీ నది పేరు వచ్చే చోట పిల్లల గొంతులు ఒక మెట్టు పైకి లేస్తాయి. పైరీ వాళ్లకు పాటలో నది కాదు. ఇక్కడికి దగ్గర్లోనే, రాజింలో, మహానదిలో కలిసే ఏరు. పున్నమి మేళాకు తండ్రి భుజాల మీద వెళ్లి అందులో మునిగి లేచినవాళ్లు వాళ్లలో చాలామంది ఉన్నారు. పాట అయ్యాక చెప్పులు వదిలిన చప్పుడు, చాపలు పరిచిన చప్పుడు. ఆ తరవాత హాజరు.

మేడమ్ ఒక్కో పేరూ పిలుస్తుంది. "ఉపస్థిత్, మేడమ్" అని ఒక్కో గొంతూ పలుకుతుంది. ఏదో ఒక పేరు దగ్గర జవాబు రాదు. అప్పుడు క్లాసంతా ఒక్కసారిగా అందుకుంటుంది: "నయి ఆయే హే, మేడమ్!" రాలేదు అని. మేడమ్ అక్కడితో పేజీ తిప్పదు. "కాబర్?" అంటుంది.

ఛత్తీస్‌గఢీలో కాబర్ అంటే ఎందుకు అని. విడదీస్తే కా, బర్. దేని కోసం అని. నాకు మాత్రం ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా మన కబురు వినిపిస్తుంది. కబురు అరబ్బీ ఖబర్ నుంచి ఉర్దూ మీదుగా మనకు వచ్చిన మాట. కాబర్‌కూ దానికీ ఏ చుట్టరికమూ లేదు. కానీ ఈ గోడ పక్కన చేట పెట్టుకుని కూర్చున్న ఇన్నేళ్లలో నాకు ఒకటి బాగా తెలిసివచ్చింది. కాబర్ అని అడిగిన చోటే కబురు పుడుతుంది. అడగని చోట పుట్టదు.

మేడమ్ ఆ ఒక్క మాట అనగానే గోడ అవతల నుంచి ఊరంతా పొర్లుకొస్తుంది. వాళ్ల మేక ఈనింది. వాళ్ల బబాకు, అంటే తాతకు, రాత్రి దగ్గు ఎక్కువైంది, ధమ్‌తరీ తీసుకెళ్లారు. వాళ్ల మామ పెళ్లి. నిన్న వానకు వాళ్ల గోడ పడింది. ఒకడు చెప్పింది ఇంకొకడు సరిదిద్దుతాడు. మేక కాదు, ఆవు. ఒకటి కాదు, రెండు పిల్లలు. పత్రికాఫీసులో కూడా ఒక వార్తను ఇంతమంది కలిసి సరిచూడరేమో. కిందటి కార్తీకం నుంచి మూడో తరగతిలో ఒక పేరుకు మాత్రం ప్రతిరోజూ ఒకటే జవాబు: "ఈంటా భట్ఠా గే హే." ఇటుక బట్టీకి పోయాడు. ఎవరూ దాన్ని సరిదిద్దరు. మేడమ్ కూడా ఆ పేరు దగ్గర ఒక్క క్షణం ఎక్కువ ఆగి, తరవాతి పేరుకు వెళుతుంది.

మా ఊరు అభన్‌పూర్, చాలామంది తెలుగువాళ్లు వినని పేరు. రాయ్‌పూర్ నుంచి ధమ్‌తరీ వెళ్లే దారిలో ఉంటుంది. బెంగాల్ నాగపూర్ రైల్వే వాళ్లు వేసిన చిన్న లైను ఇక్కడే రెండుగా చీలేది. ఒకటి ధమ్‌తరీకి, ఇంకొకటి రాజింకి. రెండున్నర అడుగుల వెడల్పు పట్టాలు. మా నాన్న రాయ్‌పూర్‌లో రైల్వే వర్క్‌షాపులో చేరడానికి టెక్కలి దగ్గరి పల్లె నుంచి వచ్చాడు. అలా శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి రైలు పట్టాలు పట్టుకుని వచ్చిన తెలుగు కుటుంబాలు రాయ్‌పూర్ చుట్టుపక్కల వేలల్లో ఉన్నాయి. ఆ చిన్న బండిలో మేం రాజిం మేళాకు వెళ్లేవాళ్లం. ఇప్పుడు రాయ్‌పూర్ ఊళ్లో ఆ పట్టాలు ఎత్తేసిన చోట ఎక్స్‌ప్రెస్‌వే పరుచుకుంది. 2025 మార్చి 30న, సరిగ్గా ఉగాది నాడు, అభన్‌పూర్ నుంచి మందిర్ హసౌద్ మీదుగా రాయ్‌పూర్‌కు పెద్ద లైను మీద మెమూ బండి మొదలైంది. ఆ ప్రారంభాన్ని చాలామంది టీవీలో చూసే ఉంటారు. నేను మాత్రం మంగళవారం బడి తెరిచాక గోడ ఇవతల నుంచి విన్నాను. మొదటిరోజే ఎక్కినవాడొకడు లేచి నిలబడి చెప్పాడు: లోపల కూర్చుంటే పొలాలు వెనక్కి పోతున్నాయట, వాళ్ల నాన్న పొలం కూడా పోయిందట, మళ్లీ వచ్చేటప్పుడు తిరిగి వచ్చిందట. ఆ రైలు గురించి నేను విన్న కబుర్లలో నా మనసులో నిలిచిపోయింది ఇదొక్కటే.

రాయ్‌పూర్ రాకముందు నేను పెరిగిన ఊళ్లో మా తాతయ్యది ఏకోపాధ్యాయ పాఠశాల. తాటాకు పందిరి, ఒక నల్లబల్ల, ఒక కుర్చీ. అయిదు తరగతులకూ ఆయనే. హాజరు పట్టీలో రాని పిల్లల పేరు ఎదుట ఎర్ర సిరాతో 'గై' అని రాసేవాడు. గైరుహాజరు. అది సర్కారుకు కావలసిన లెక్క. అది కాక ఆయనకు సొంతంగా ఇంకో నోటు పుస్తకం ఉండేది. అందులో తేదీ, పిల్ల పేరు, పక్కన రాకపోవడానికి కారణం రాసుకునేవాడు. ఆయన పోయాక అది మా అమ్మ పెట్టెలో దొరికింది. ఇప్పుడు నా దగ్గర ఉంది. చంటోణ్ణి ఎత్తుకోవాలి. అమ్మకు జ్వరం. ఏరు పొంగింది. పలక పగిలింది, కొట్టుతారని భయం. ఒక పుటలో ఒకే అమ్మాయి పేరు పక్కన మూడుసార్లు ఒకటే మాట ఉంది: పరికిణీ ఆరలేదు.

ఆ రెండు మాటల్లో ఎంత ఉందో నాకు పెద్దయ్యాకే అర్థమైంది. ఆ పిల్లకు ఉన్నది ఒకటే పరికిణీ. వాళ్లమ్మ రాత్రి ఉతికింది. ముసురు పట్టింది. అది ఆరేదాకా ఆ పిల్ల చిరిగిన చీర ముక్క చుట్టుకుని ఇంట్లో కూర్చుంది. సర్కారు పట్టీలో ఆ మూడు రోజులూ మూడు ఎర్ర అక్షరాలు. తాతయ్య నోటు పుస్తకంలో అదొక ఇల్లు, ఒక దండెం, ఒక వాన. నాలుగో వరసలో ఆయన రాత కొంచెం వంకరగా ఉంది: ఒక పరికిణీ ఇచ్చితిని. ఆ పరికిణీ మా పిన్నిదని, ఆవిడ మూడు రోజులు అలిగిందని అమ్మ చెప్పేది.

సాయంత్రం బడి విడిచాక ఆయన తిన్నగా ఇంటికి వచ్చేవాడు కాదు. గైరుహాజరు ఇళ్ల మీదుగా వచ్చేవాడు. నన్ను వేలు పట్టుకుని తీసుకెళ్లిన రోజులు ఉన్నాయి. వాకిట్లో నిలబడి, "ఏటమ్మా, గుంటడు రానేదేటి?" అని అడిగేవాడు. కోప్పడే గొంతు కాదు. పొలం గట్టు మీద ఎదురైనవాణ్ణి వాన పడుతుందా అని అడిగే గొంతు. వాళ్లు మంచం వాల్చేవాళ్లు. చెప్పడం మొదలుపెట్టేవాళ్లు. చదువు గురించి కాదు, అన్నీ. ఎవరి భూమి ఎవరు పట్టారో, ఏ కోడలు పుట్టింటికి పోయిందో. చీకటి పడేసరికి ఊళ్లో ఏం జరుగుతోందో ఆయనకు తెలిసినట్టు కరణానికి కూడా తెలియదు. మర్నాడు ఆ గుంటడు బడికి వచ్చేవాడు. మేస్టారు తన కోసం ఇంత దూరం నడిచి వచ్చాడన్న సంగతి వాడి వీపు మీద ఒక చెయ్యిలా ఉండేది.

దానికి పూర్తిగా ఎదురు సంగతి నాకు జరిగింది. ఎనిమిదో ఏట నన్ను రాయ్‌పూర్ తెచ్చి ఒక పెద్ద బడిలో వేశారు. ఆ బడి పేరు ఎందుకు. ఒక తరగతిలో అరవై మందికి పైన ఉండేవాళ్లం. ఆ ఏడు నాకు టైఫాయిడ్ వచ్చింది. నెల్లాళ్లు మంచం మీద ఉన్నాను. రోజూ సాయంత్రం కిటికీ వైపు చూసేదాన్ని. తాతయ్యలా ఎవరో ఒకరు వస్తారని. ఎవరూ రాలేదు. జుట్టు ఊడిపోయి, తలకు రుమాలు కట్టుకుని మళ్లీ బడికి వెళ్లిన రోజున నా చోట్లో ఇంకొక పిల్ల కూర్చుని ఉంది. హాజరు పిలిచారు. నా పేరు వచ్చింది, పలికాను, తరవాతి పేరు వచ్చింది. అంతే. నేను లేని నెలంతా ఆ బడికి ఏమీ తక్కువ కాలేదు. నేను వచ్చాక ఏమీ కలవలేదు. ఆ రోజు ఇంటికి వచ్చి అమ్మ ఒళ్లో ఎందుకు ఏడ్చానో అప్పుడు చెప్పలేకపోయాను. ఇన్నేళ్లకు, ఈ గోడ పక్కన, చెప్పగలుగుతున్నాను. నన్ను ఎవరూ కాబర్ అని అడగలేదు.

మన వీధిబడులకు కూడా హాజరు సంగతిలో తమదైన పద్ధతి ఉండేది. 1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో జిల్లా కలెక్టర్లందరినీ తమ జిల్లాల్లో బడులు ఎన్ని, పిల్లలు ఎందరు, ఏం చదువుతున్నారు అని అడిగాడు. బళ్లారి కలెక్టరు కాంప్‌బెల్, అంతకు ముందే 1816లో తెలుగు వ్యాకరణం అచ్చువేసిన మనిషి, 1823 ఆగస్టులో పంపిన జవాబు ఇప్పటికీ చదవదగ్గది. జిల్లాలో 533 బడులు, 6,641 మంది పిల్లలు అని లెక్క చెప్పి, ఆ లెక్క దగ్గర ఆగక, బడి ఎలా మొదలవుతుందో కూడా రాశాడు. పొద్దున్న అందరికన్నా ముందు వచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాస్తారు. రెండోవాడి చేతిలో సున్నా చుడతారు, అంటే పొగడ్తా లేదు, తెగడ్తా లేదు. మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ. నాలుగోవాడికి రెండు. అక్కడి నుంచి వచ్చిన ప్రతివాడికీ ఒకటి చొప్పున పెరుగుతుంది.

అరచేతిలో సరస్వతి అన్న ఊహ ఎంత అందమైనదో! తెల్లవారుజామున ఆ పేరు కోసం చీకట్లో పరిగెత్తి వచ్చిన పిల్లలు కళ్ల ముందు మెదులుతారు. కానీ నా కళ్లు ఆ వరస చివరికి వెళతాయి. అందరికన్నా ఆఖర్న వచ్చేవాడు ఎందుకు ఆఖర్న వచ్చాడు? వాడు చంటోణ్ణి పడుకోబెట్టి వచ్చాడేమో. వాడి పంచె ఆరలేదేమో. ఇక రానే రానివాడికి ఆ పద్ధతిలో చోటే లేదు, దెబ్బ కూడా లేదు. నన్ను అడిగితే, బడికి అసలైన పొద్దు ముందుగా వచ్చినవాడితో మొదలవదు. రానివాడితో మొదలవుతుంది.

ఈ గోడ అవతలి హాజరు పట్టీని ఏడాది పొడుగునా చెవితో చదివితే అదొక పంచాంగం. మన లెక్కలో ఆషాఢ అమావాస్యకు హరేలీ. నాగళ్లు, కొడవళ్లు కడిగి పూజ చేసుకుంటారు. మగపిల్లలు మన మరకాళ్ల లాంటి వెదురు కాళ్లు ఎక్కి తిరుగుతారు, వాటిని గేడీ అంటారు. మర్నాడు హాజరులో ఇద్దరు ముగ్గురు తగ్గుతారు. కాబర్? గేడీ మీంచి పడ్డాడు, మోకాలు చీరుకుపోయింది. భాద్రపదం దగ్గరపడితే పోలా, మట్టి ఎడ్ల పండగ. దాని వెనకే తీజా. అప్పుడు సగం క్లాసు ఖాళీ. పెళ్లయిన ఆడవాళ్లను పుట్టింటికి తీసుకెళ్లడానికి అన్నదమ్ములు వస్తారు. ఎంత పెద్ద వయసు వచ్చినా, ఎంత పేద ఇల్లయినా, తీజాకు పుట్టింటి పిలుపు రావాలి. వినాయక చవితికి ముందురోజు ఉపవాసం, దానికి ముందు రాత్రి కాకరకాయ కూరతో అన్నం. పిల్లలు తల్లుల కొంగు పట్టుకుని వెళ్లిపోతారు. "మామా ఘర్ గే హే" అని పేరు పేరుకూ ఒకటే జవాబు వస్తుంది. అటువంటప్పుడు మేడమ్ గొంతులో కూడా నవ్వు వినిపిస్తుంది. ఆవిడా ఒక ఇంటి ఆడపడుచే కదా. మొన్న తీజాకు మాత్రం ఒక పేరుకు "ఘర్ మ హే" అన్నారు. ఇంట్లోనే ఉంది. కాబర్? వాళ్లమ్మను తీసుకెళ్లడానికి ఎవరూ రాలేదు. క్లాసు చప్పబడిపోయింది. ఆ మధ్యాహ్నం మేడమ్ ఒక డబ్బాతో ఆ ఇంటి వైపు వెళ్లడం నేను చూశాను. డబ్బాలో ఏముందో నాకు తెలియదు. రాని అన్నదమ్ముల స్థానంలో ఎవరో ఒకరు వెళ్లారు, అంతే.

కార్తీకం దాటాక వరి కోతలు. పెద్దవాళ్లు పొలంలో ఉంటే చిన్నవాళ్లను చూసుకునే బాధ్యత నాలుగు, అయిదు తరగతుల ఆడపిల్లల మీద పడుతుంది. ఈ నెలల్లో గైరుహాజరు ఎక్కువగా ఆడపిల్లలదే. ఆ సంగతి నాకు ప్రతి ఏడూ కొత్తగా గుచ్చుకుంటుంది. ధాన్యం ఇంటికి చేరాక పుష్య పూర్ణిమకు ఛేర్‌ఛేరా. పిల్లలు సంచులు పట్టుకుని ఇంటింటికీ వెళ్లి ధాన్యం అడుగుతారు. లేదనకూడదు. ఇచ్చేవాళ్లూ అడిగేవాళ్లూ అని ఆ రోజు తేడా ఉండదు, రైతు పిల్లలు కూడా సంచి పట్టుకునే తిరుగుతారు. వాళ్లను చూస్తే మా అమ్మమ్మ చెప్పిన దసరా గుర్తొస్తుంది. వీధిబడి పంతులు పిల్లలందరినీ కొత్త బట్టలతో, విల్లంబులతో, గిలకలతో ఇంటింటికీ తిప్పేవాడట. పిల్లలు పద్యాలు పాడేవాళ్లట. పంతులుకు కట్నం, పిల్లలకు పప్పుబెల్లాలు. అది భిక్ష కాదు. ఇదిగో మీ పిల్లలు, ఈ ఏడు ఇంత నేర్చారు, చూసుకోండి అని బడి తనంత తాను ఊరి గుమ్మంలోకి వచ్చి చెప్పుకునే కబురు. ఏడాదంతా ఊరు పిల్లల్ని బడికి పంపితే, ఆ ఒక్కరోజు బడి పిల్లల్ని ఊరికి పంపేది.

హాజరు అయిపోగానే ఒక పిల్ల వంటపాకలోకి పరిగెడుతుంది. ఆ పరుగు నాకు చాలా ఇష్టం. వెళ్లి ఒక అంకె చెబుతుంది. 42 అనుకోండి. రసోయియా, అంటే వంట చేసే ఆవిడ, దాన్ని బియ్యంగా మారుస్తుంది. ప్రాథమిక తరగతుల పిల్లవాడికి పూటకు 100 గ్రాములు, 42 మందికి 4 కిలోల 200 గ్రాములు. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు బడుల్లో వండిన అన్నమే పెట్టాలని ఉత్తర్వు ఇచ్చిన తరవాత దేశంలోని లక్షల బడుల్లో పొద్దున్నపూట ఇలాంటి పరుగు మొదలైంది. పుస్తకాల లెక్క ఏడాదికోసారి, పరీక్షల లెక్క మూడుసార్లు. అన్నం లెక్క మాత్రం రోజూ, అదీ ఇవాళ్టి లెక్క ఇవాళే. రసోయియాకు అంకె చాలదు. "ఎవరు రాలేదు?" అని అడుగుతుంది. ఫలానావాడని చెబితే, "అయ్యో, వాడికి ఇవాళ్టి కూర ఇష్టం" అంటుంది. వాడి అక్క చేతికి గిన్నెలో కూర పంపిన రోజులు ఉన్నాయి. నిబంధన ఒప్పుకుంటుందో లేదో నాకు తెలియదు, నేను మాత్రం ఆవిడ పక్షాన ఉంటాను.

2024 ఫిబ్రవరి నుంచి ఈ రాష్ట్రంలో న్యోతా భోజ్ అని ఒకటి మొదలైంది. న్యోతా అంటే పిలుపు. పుట్టినరోజో, పెళ్లిరోజో, ఇంట్లో మంచిరోజో ఉంటే ఊళ్లోవాళ్లు బడి పిల్లలకు భోజనం పెట్టవచ్చు, లేదా మామూలు భోజనానికి ఒక పండో, మిఠాయో కలపవచ్చు. గుజరాత్‌లో తిథి భోజన్ అని ఇటువంటిదే ముందు నుంచీ ఉంది. కిందటేడు మా మనవరాలి పుట్టినరోజుకు నేనూ పెట్టాను. పిల్ల హైదరాబాద్‌లో ఉంది, నేను ఇక్కడ పులిహోర కలిపాను. పసుపు అన్నం పుల్లగా ఎందుకుందని మొదట కొంచెం సందేహించి, తరవాత రెండోసారి అడిగారు. వడ్డిస్తుంటే ఒక పిల్లవాడు "ఎవరి పుట్టినరోజు?" అన్నాడు. చెప్పాను. "ఆ పిల్ల నయి ఆయే హే?" అన్నాడు. లేదు, రాలేదు అన్నాను. వాడు చాలా సహజంగా, నోట్లో అన్నంతోనే అడిగాడు: "కాబర్?"

నా దగ్గర వాడికి తగిన జవాబు లేదు.

పిల్లల కబుర్లతోనే పాఠం మొదలుపెట్టిన సెలెస్తాన్ ఫ్రెనే అని ఒక పల్లెటూరి ఉపాధ్యాయుడు ఫ్రాన్సులో ఉండేవాడు. మొదటి ప్రపంచయుద్ధంలో ఊపిరితిత్తులు దెబ్బతిని గట్టిగా మాట్లాడలేకపోయేవాడు. బార్ సుర్ లూ అనే ఊళ్లో పాఠం అరిచి చెప్పే శక్తి లేక పిల్లలే పొద్దున్నే తమ కబుర్లు చెప్పేలా చేశాడు. నత్తలకు పెట్టిన పందెం గురించి వాళ్లు చెప్పింది నల్లబల్ల మీదికెక్కింది. ఆ తరవాత 1924 ప్రాంతాల్లో ఒక చిన్న అచ్చుయంత్రం తెచ్చి పిల్లల చేతే అక్షరాలు కూర్పించాడు. అచ్చయిన కాగితాలు దూరపు బడులకు పోస్టులో వెళ్లేవి, అక్కడి పిల్లల కబుర్లు ఇక్కడికి వచ్చేవి. ఆయన గురించి చదివినప్పుడు నాకు తాతయ్య నోటు పుస్తకం గుర్తుకొచ్చింది. ఇద్దరూ ఒకే పని చేశారు. పిల్లవాడి ఇంటి సంగతి బడిలో రాయదగ్గదని నమ్మారు. ఇక్కడి పిల్లలకు అది ఇంకా అవసరం. ఇంట్లో ఛత్తీస్‌గఢీ, పుస్తకంలో హిందీ. పుస్తకం తెరవగానే సగంమంది నోళ్లు మూతపడతాయి. కాబర్ అన్న మాట దగ్గర మాత్రం అందరి నోళ్లూ తెరుచుకుంటాయి, ఎందుకంటే ఆ ప్రశ్న వాళ్ల ఇంటి భాషలో వచ్చింది.

విద్యాహక్కు చట్టం, 2009లో చేసి 2010 ఏప్రిల్ 1 నుంచి అమలుచేసినది, బడినీ ఇంటినీ కలపడంలో ఒక మంచిపని చేసింది. బడి కమిటీలో నూటికి 75 మంది తల్లిదండ్రులే ఉండాలంది, సగం మంది ఆడవాళ్లు ఉండాలంది. 24వ సెక్షన్‌లో ఉపాధ్యాయుల విధులు చెబుతూ, తల్లిదండ్రులను క్రమం తప్పకుండా కలవాలని, పిల్ల హాజరు ఎలా ఉందో, ఎలా నేర్చుకుంటోందో వాళ్లకు చెప్పాలని రాసింది. అంటే తాతయ్య సాయంత్రపు నడకను చట్టం విధిగా చేసింది. కానీ నడవాలంటే ఇల్లు నడిచేంత దూరంలో ఉండాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో జీవో 117 పేరుతో మూడు, నాలుగు, అయిదు తరగతులను హైస్కూళ్లలో కలపడం మొదలుపెట్టి, 2025లో దాన్ని ఉపసంహరించుకున్నారు. ఛత్తీస్‌గఢ్‌లో 2025లో పది వేలకు పైగా బడులను కలిపారు. వాటిలో చాలా మటుకు ఒకే ఆవరణలో ఉన్నవే, కాబట్టి అన్నిచోట్లా పిల్లలు దూరం నడవాల్సి వచ్చిందని అనను. నా భయం వేరు. బడి పెద్దదయ్యేకొద్దీ అంకె సుళువుగా పైకి వెళుతుంది. ఇవాళ ఎందరు తిన్నారో ఫోన్‌లో రోజూ పైకి పోతుంది. పరికిణీ ఆరలేదన్నది పైకి పోదు. అది తెలియాల్సింది పైవాళ్లకు కాదు. నాలుగు వీధుల అవతల నుంచి ఒక పరికిణీ పట్టుకుని నడవగలిగే మనిషికి తెలియాలి. ఆ మనిషి ఉండగలిగేంత చిన్నదిగా బడి ఉండాలని నా పట్టుదల.

2020లో బడులు మూసినప్పుడు బడి అలా చిన్నదిగా ఉండటమే పనికొచ్చింది. రాష్ట్రం 'పఢయీ తుంహర్ దుఆర్' అని ఆన్‌లైన్ చదువు పెట్టింది. ఫోన్లు లేని ఇళ్లే ఎక్కువ. అప్పుడు ఉపాధ్యాయులు వాడవాడకూ వెళ్లి చెట్ల కింద, అరుగుల మీద పిల్లల్ని కూర్చోబెట్టి చెప్పారు. దాన్ని 'పఢయీ తుంహర్ పారా' అన్నారు. పారా అంటే వాడ. పిల్ల బడికి రాలేనప్పుడు బడి పిల్ల దగ్గరికి వెళ్లింది.

అదే ఏడు ఏప్రిల్‌లో ఇంకొకటి జరిగింది. దాన్ని తెలుగువాళ్లం మరిచిపోకూడదు. తెలంగాణ మిరప చేలలో కూలికి వచ్చిన 12 ఏళ్ల ఆదివాసీ బాలిక లాక్‌డౌన్‌లో బళ్లు లేక, తోటి కూలీలతో అడవి దారిన బీజాపూర్ జిల్లాలోని తన ఊరికి నడిచింది. మూడు రోజులు నడిచి, ఇల్లు ఇంకా కొన్ని కిలోమీటర్లు ఉందనగా ప్రాణం విడిచింది. పన్నెండేళ్లంటే ఆరో తరగతి పిల్ల. మిరపకాయలు మన ఇళ్లలోకి వచ్చాయి. ఆ కాయలు కోసిన చెయ్యి ఏ హాజరు పట్టీలో లేదని మనం అడిగామా? హైదరాబాద్ చుట్టుపక్కల మేడలకు వెళ్లే ఇటుక ఒడిశా, ఛత్తీస్‌గఢ్‌ల నుంచి వచ్చిన కుటుంబాలు కాల్చినది. ఒడిశా పిల్లల కోసం తెలంగాణలో కొన్ని బట్టీల దగ్గర ఒడియాలోనే చెప్పే బడులు నడిచాయి. అలా నడిపినవాళ్లకు నేను చేతులెత్తి మొక్కుతాను. మనకు వాళ్లు వలస కూలీల పిల్లలు. ఇక్కడ, ఈ గోడ అవతల, ప్రతి పొద్దునా ఒక పేరు, దాని వెనక ఒక నిశ్శబ్దం.

రాజిం దాటి కొంత దూరం వెళితే చంపారణ్యం. శుద్ధాద్వైతం చెప్పిన వల్లభాచార్యుల జన్మస్థలం. ఆయన తల్లిదండ్రులు లక్ష్మణభట్టు, ఇల్లమ్మగారు, మన తెలుగువాళ్లు. 1479లో, కాశీ మీదికి దండు వస్తోందని విని దక్షిణానికి ప్రయాణం కట్టారు. దారిలో ఈ అడవిలో నెలలు నిండకుండానే కాన్పయింది. బిడ్డలో చలనం లేదనుకుని, జమ్మిచెట్టు కింద ఆకుల్లో ఉంచి ముందుకు సాగారు. తిరిగి వచ్చి చూస్తే బిడ్డ బతికే ఉన్నాడని, చుట్టూ నిప్పు కాపలా కాసిందని పుష్టిమార్గం వాళ్లు చెప్పుకుంటారు. నేను అక్కడికి వెళ్లినప్పుడల్లా ఆ బిడ్డ మహిమ కన్నా ఆ తల్లి వెనుదిరగడం గురించే ఆలోచిస్తాను. లేడని తేలిపోయినవాడి కోసం వెనక్కి వచ్చి ఇంకొకసారి చూసింది. చెట్టు కింద వంగింది.

ఈ జూన్ 16న బడి తెరిచారు. ప్రవేశోత్సవం. పిల్లలకు బొట్టుపెట్టి, కొత్త పుస్తకాలు, మిఠాయి ఇచ్చారు. సందడిలో ఎవరు వచ్చారో ఎవరు రాలేదో నాకు తెలియలేదు. మర్నాడు మామూలుగా ప్రార్థన, పాట, చాపల చప్పుడు. నేను ఒళ్లో చేట పెట్టుకుని బియ్యం ఏరుతున్నాను. మూడో తరగతివాళ్లు నాలుగులోకి వచ్చారు, పేర్ల వరస మాత్రం అదే. ఆ పేరు వచ్చింది. కార్తీకం నుంచి అలవాటైన నోళ్లు అలవాటుగానే అందుకున్నాయి: "నయి ఆయే హే..."

మాట పూర్తి కాకుండానే మధ్యలో ఒక గొంతు లేచింది. కొంచెం బొంగురుగా, బట్టీ దుమ్ము ఇంకా వదలనట్టుగా.

"వచ్చిన, మేడమ్!"

క్లాసు నిశ్శబ్దమైంది. తెలంగాణలో ఏ బట్టీ పక్కన ఏ ఊరి బడిలో ఏ పంతులమ్మ ఈ పేరు పిలిచి, వాడి చేత ఆ మాట పలికించిందో. అవతల ఒక్కరికీ ఆ మాట తెలియదు. కాసేపటికి గోడ మీంచి మేడమ్ గొంతు వినిపించింది.

"ఆంటీ, ఏ కా కహత్ హే?" ఇతను ఏమంటున్నాడు అని.

చేట పక్కన పెట్టి లేచాను.

"ఆ గే హే, బేటీ" అన్నాను. "ఆ గే హే."